సర్ జాన్ చార్న్లీ

సికిందరాబాదు వీధులలో చేతికఱ్ఱ లేకుండ నడచిపోవు వృద్ధులలో కొందరి తుంటిలో నున్నది పుట్టుకతో వచ్చిన కీలు కాదు. వైద్యులు అమర్చిన కృత్రిమపు కీలు. ఈ చికిత్సను నమ్మదగినదిగా చేసిన శస్త్రవైద్యుడు సర్ జాన్ చార్న్లీ.

ఆయన 1911వ సంవత్సరమున ఇంగ్లండులోని బరీ పట్టణమున జన్మించెను. తండ్రికి మందుల దుకాణముండెను; తల్లి నర్సు. మాంచెస్టరులో వైద్యవిద్య ముగించి, రెండవ ప్రపంచయుద్ధమున సైనికవైద్యుడుగా పనిచేసెను.

ఒకనాడు ఆయనయొద్దకు ఒక రోగి వచ్చెను. అతని కృత్రిమపు తుంటికీలు కదలినప్పుడెల్ల కిఱ్ఱుమనుచుండెను. ఆ చప్పుడు భరింపలేక అతని భార్య దూరముగా తొలగిపోవుచుండెడిదట! ఇతరులు నవ్వి యూరకుందురు. చార్న్లీ మాత్రము అది ఘర్షణకు గుఱుతని గ్రహించెను. ఘర్షణ తగ్గింపదలచి ఉక్కుతో చిన్న బంతిని, టెఫ్లాన్ అను ప్లాస్టిక్కుతో గిన్నెను చేయించెను. బంతికి క్రిందనుండు ఉక్కుకాడను తొడయెముక బోలులో యాక్రిలిక్ సిమెంటుతో నిలిపెను.

1958 మొదలు సుమారు 300 మంది ఈ చికిత్స పొందిరి. కుంటుచు వచ్చినవారు నొప్పిలేక నడచిరి. కాని కొన్ని యేండ్లకే టెఫ్లాన్ అరిగి, ఆ పొడివలన చుట్టునున్న ఎముక క్షీణింపసాగెను. చార్న్లీ ఈ వైఫల్యమును దాచలేదు. టెఫ్లానును తన తొడలోనే ఎక్కించుకొని దాని కీడును పరీక్షించెను. బాధపడినవారికి తానే మరల శస్త్రచికిత్స చేసెను.

1962లో మరియొక ప్లాస్టిక్కు, పాలిఎథిలీను, ఆయన కంటబడెను. గోటితో గీచి చూచి, పనికిరాదని త్రోసిపుచ్చెను. ఆయన సహాయకుడు హారీ క్రేవెన్ మాత్రము దానిని యంత్రముపై పెట్టి రాపాడించుచునే యుండెను. టెఫ్లాన్ ఒక్కనాటిలో అరిగినంత కూడ అది మూడు వారములలో అరుగలేదు! ఆ యేటి నవంబరు నుండి గిన్నెలు దానితోనే తయారయ్యెను.

అయినను ఉక్కు ఉక్కే, ఎముక ఎముకే. అరుగుడు పొడివలననో, వార్ధక్యమువలననో ఎముక పలుచనైనచో, కాలుజారి పడినంతనే కాడచుట్టు తొడయెముక విరుగవచ్చును. అప్పుడు వైద్యుడు మొదట చూడవలసినది కాడ గట్టిగా నున్నదా, వదులైనదా యని. గట్టిగానున్నచో లోహపు పలకతోను తీగలతోను ఎముకను బిగించుట పరిపాటి. వదులైనచో దానిని తీసి, విఱిగిన చోటు దాటి దిగు పొడవైన కాడను అమర్తురు. 1995లో కెనడాలోని వాంకూవరు వైద్యులు ప్రకటించిన విభాగక్రమమునకు ఈ పరీక్ష యొక ముఖ్యాధారము.

చార్న్లీకి 1977లో సర్ బిరుదము లభించెను. 1982 ఆగస్టు 5వ తేదీన ఆయన మరణించెను. మరణానంతరము తమ కీలును పరీక్షించుటకు అనుమతింపుమని ఆయన తన రోగులను ముందుగనే కోరెడివాడు. పెక్కురు సంతోషముతో అంగీకరించిరి. అట్లు లభించిన కీళ్లను, వాని చుట్టునున్న ఎముకను ఆయన శ్రద్ధతో పరిశీలించుచుండెను.