పెద్దక్కకు ఇరవై ఏళ్లు

చెల్లెళ్లకి జడలు వేసి, తమ్ముళ్లని బడికి పంపి, ఇంట్లో పెళ్లి జరిగితే వంటింటి గడప దాటి రాని పెద్దక్క ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఫొటోల్లో ఆవిడ ఏ చివరో కనబడుతుంది. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే ఎవరికీ ఠక్కున గుర్తు రాదు. మహిళల స్కీ జంపింగ్‌లో కాంటినెంటల్ కప్‌ది అచ్చం ఆ పెద్దక్క బతుకే. 2004-05 సీజన్‌తో మొదలైన ఆ పోటీకి ఇరవై ఏళ్లు నిండాయి. ఇవాళ అది రెండో శ్రేణి పోటీ. మొదటి శ్రేణి వరల్డ్ కప్‌కి పూలదండలు వేసేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఈ దండ మాత్రం పెద్దక్కకే.

ఈ ఆట మనకి నాలుగేళ్లకోసారి, వింటర్ ఒలింపిక్స్ వచ్చినప్పుడే టీవీలో కంటపడుతుంది కనుక రెండు ముక్కలు చెప్పాలి. కొండ మీద కట్టిన ఏటవాలు బాటలో గంటకి ఎనభై తొంభై కిలోమీటర్ల వేగంతో జారుకుంటూ వస్తారు. బాట తెగిపోయే అంచు దగ్గర కాళ్లు సాచి లేస్తారు. అక్కణ్నుంచి గాలే ఆధారం. స్కీలను వి ఆకారంలో విప్పి, ఒళ్లంతా వాటి మీదికి వాల్చి, కింది వాలు వెంబడే తేలిపోతారు. దిగేటప్పుడు ఒక కాలు ముందుకి, మోకాళ్లు వంచి, చేతులు బార్లా చాపి నిలవాలి. దానికి టెలిమార్క్ అని పేరు. వెళ్లిన దూరానికి పాయింట్లు ఉంటాయి. ఎగిరిన తీరుకీ దిగిన తీరుకీ అయిదుగురు జడ్జీలు మార్కులు వేస్తారు, అందులో అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ కొట్టేస్తారు. ఎదురుగాలి రెక్క కింద చెయ్యిలా పైకెత్తుతుంది కాబట్టి అది వీచినప్పుడు కొన్ని పాయింట్లు తగ్గిస్తారు, వెనకగాలికి కలుపుతారు.

ఆడవాళ్లు ఈ ఆట నిన్నామొన్న నేర్చుకున్నారనుకుంటే పొరపాటు. 1862లోనే నార్వేలోని ట్రీసిల్‌లో ఇంగ్రిడ్ ఒలావ్స్‌డాటర్ వెస్ట్‌బీ అనే అమ్మాయి పోటీలో దూకింది. ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్‌లో పావులా లాంబెర్గ్ అనే కులీన స్త్రీ పొడవాటి పావడాతోనే 1911లో 22 మీటర్లు దూకింది. 1938లో నార్వే అమ్మాయి యొహానె కోల్‌స్టాడ్ అమెరికా వెళ్లి 72 మీటర్లు, 1976లో అనితా వోల్డ్ జపాన్‌లోని సప్పొరోలో 97.5 మీటర్లు, 1981లో ఫిన్లాండ్ అమ్మాయి టీనా లెహ్తొలా 110 మీటర్లు. 2003 జనవరిలో ఆస్ట్రియాకి చెందిన డానియెలా ఇరాష్కో కుల్మ్ కొండ మీద ఏకంగా 200 మీటర్లు ఎగిరింది. మగవాళ్లకి 1924లో జరిగిన తొలి వింటర్ ఒలింపిక్స్ నుంచీ ఈ పోటీ ఉంది. ఆడవాళ్లకి కొండలున్నాయి, గుండె ధైర్యం ఉంది. లేనిదల్లా క్యాలెండర్. ఫలానా వారం ఫలానా ఊళ్లో పోటీ, దానికి ఇన్ని పాయింట్లు, ఏడాది చివర ఇదీ వరస అని రాసి పెట్టిన ఒక కాగితం.

ఆ కాగితమే కాంటినెంటల్ కప్. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2004లో దాన్ని ఆడవాళ్లకి తెరిచింది. గెలిచినవాళ్లకి 100 పాయింట్లు, రెండో స్థానానికి 80, మూడో స్థానానికి 60, అలా తగ్గుతూ ముప్పయ్యో స్థానానికి 1. చూడ్డానికి చిన్న పట్టికే. కానీ పాయింట్లుంటే పోలిక ఉంటుంది, పోలిక ఉంటే పట్టుదల పెరుగుతుంది. నార్వే అమ్మాయి అమెరికా అమ్మాయి కంటే ఎంత మెరుగో, జర్మనీలో కొత్తగా వచ్చిన పిల్ల ఎన్నో స్థానంలో ఉందో లోకానికి అంకెల్లో తెలిసింది. మగవాళ్లకి కాంటినెంటల్ కప్ వరల్డ్ కప్ కింది మెట్టు. ఆడవాళ్లకి పైన మెట్టే లేదు. ఏడు చలికాలాల పాటు వాళ్లకి ఇదే శిఖరం. ఆ శిఖరం మీద తొలి రోజుల్లో ఎక్కువగా వినిపించిన పేరు నార్వేకి చెందిన ఆనెట్ సాగెన్‌ది. కొత్తగా కట్టిన ఓస్లో హోల్మెన్‌కొలెన్ కొండ మీద 2010లో లాంఛనంగా మొదటి దూకుడు ఎవరిదన్నప్పుడు జనం ఓట్లేసి ఎన్నుకున్నది ఆమెనే.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే కప్ చేసిన అసలు మేలు ఇక్కడే ఉంది. కప్ మొదలైన మరుసటి ఏడాది, 2005లో, దాన్ని నడుపుతున్న సమాఖ్యకే అధ్యక్షుడైన జాన్ ఫ్రాంకో కాస్పర్, ఏటా అన్నిసార్లు అంత ఎత్తునుంచి నేలకి దిగడం వైద్యపరంగా ఆడవాళ్లకి తగదన్నట్టు మాట్లాడారు. అదే సమాఖ్య 2006లో 114-1 ఓట్లతో ఆడవాళ్ల పోటీని ఒలింపిక్స్‌లో చేర్చమని కోరింది. అధ్యక్షుడి మాటకీ సభ ఓటుకీ మధ్య ఏం మారింది? ఆ చలికాలాల్లో కాంటినెంటల్ కప్‌లో అమ్మాయిలు వారం వారం దూకుతూనే ఉన్నారు. అంతకు మించిన జవాబు ఉంటుందని నేను అనుకోను.

అయినా 2006 చివర్లో ఒలింపిక్ కమిటీ వాంకూవర్‌లో జరగబోయే వింటర్ ఒలింపిక్స్‌కి కాదంది. ఆటగాళ్లు తక్కువ, దేశాలు తక్కువ, ప్రమాణాలకి అందలేదు అని కారణాలు చెప్పింది. 2009 ఫిబ్రవరిలో చెక్ రిపబ్లిక్‌లోని లిబెరెట్స్‌లో ఆడవాళ్లకి తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. అమెరికాకి చెందిన లిండ్సే వాన్ స్వర్ణం, జర్మనీకి చెందిన ఉల్‌రికె గ్రెస్లర్ రజతం, ఆనెట్ సాగెన్ కాంస్యం గెలిచారు. ముగ్గురూ కాంటినెంటల్ కప్‌లో నలిగి తేలినవాళ్లే. అప్పటికే వాన్‌తో సహా కొందరు జంపర్లు కెనడాలో కోర్టుకెక్కి ఉన్నారు. ఇది వివక్షేనని బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు న్యాయమూర్తి లారీ ఆన్ ఫెన్లన్ అదే ఏడాది జూలైలో ఒప్పుకున్నారు. కాకపోతే నిర్ణయం అంతర్జాతీయ కమిటీది, వాంకూవర్ నిర్వాహకుల చేతిలో లేదు గనుక తాను చెయ్యగలిగిందేమీ లేదన్నారు. ఆ క్రీడల కోసం విస్లర్‌లో కట్టిన నార్మల్ హిల్ (చిన్న కొండ) మీద అప్పటికి మగవాళ్లతో కలిపి చూసినా పొడవైన దూకుడు, 105.5 మీటర్లు, లిండ్సే వాన్‌దే. ఆ కొండ మీద ఒలింపిక్స్ జరుగుతుంటే ఆమె పోటీలో లేదు. ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా మనసు చివుక్కుమంటుంది.

ఆ అవమానం తర్వాత కూడా కప్ ఆగలేదు. చలికాలం వచ్చింది, జాబితా పెట్టారు, అమ్మాయిలు కొండెక్కారు. 2011 ఏప్రిల్‌లో ఒలింపిక్ కమిటీ ఆడవాళ్ల పోటీకి సరేనంది. ఆ డిసెంబర్ 3న నార్వేలోని లిల్లెహామర్‌లో ఆడవాళ్ల తొలి వరల్డ్ కప్ పోటీ జరిగింది. గెలిచింది పదిహేడేళ్ల అమెరికా అమ్మాయి సారా హెండ్రిక్సన్. ఆ రోజుతో కాంటినెంటల్ కప్ రెండో శ్రేణికి జారింది. చెల్లెలి పెళ్లి చేసి, తను పక్కకి జరిగి కూర్చుంది.

పక్కకి జరిగిందే గాని పని మానలేదు. మన క్రికెట్‌లో రంజీ లేకపోతే భారత జట్టుకి మనిషి ఎక్కణ్నుంచి వస్తాడు? ఇక్కడా అంతే. కాంటినెంటల్ కప్‌లో సంపాదించిన పాయింట్లే వరల్డ్ కప్ తలుపుకి తాళంచెవి. నార్వేలో నోటొడ్డెన్, జర్మనీలో బ్రోటెరోడె లాంటి చిన్న ఊళ్లు దీనికి నెలవు. అక్కడ పెద్ద కెమెరాలుండవు. స్కీలు తొడుక్కున్న ఊరివాళ్లు వాలు మీద అడ్డంగా అడుగులేస్తూ దిగి మంచు గట్టిపరుస్తారు. పదిహేను పదహారేళ్ల పిల్లలు మొదటి అంతర్జాతీయ నంబర్ బట్ట కట్టుకునేది ఇలాంటి చోటే. మోకాలి లిగమెంట్లు తెగడం ఈ ఆటకి పెద్ద శాపం; ఆపరేషన్ చేయించుకుని, నెలల తరబడి జిమ్‌లో కూర్చుని, మళ్లీ మొదటిసారి ఆ అంచు దాటే మనిషికి జనం తక్కువున్న కొండ కావాలి. వరల్డ్ కప్ జట్టులో చోటు పోయినవాళ్లకి మళ్లీ లెక్క తేల్చుకునే వేదికా ఇదే. గెలిచినవాళ్లకి ఇంత చోటు ఏ పోటీ అయినా ఇస్తుంది. ఓడినవాళ్లకి, విరిగినవాళ్లకి, ఇంకా ఎదగనివాళ్లకి చోటివ్వడం ఈ కప్ గొప్పతనం. నా లెక్కలో అది పతకాల కంటే పెద్ద సంగతి.

ఫలం మాత్రం కళ్ల ముందే ఉంది. 2011లో పద్నాలుగేళ్ల జపాన్ పిల్ల సారా తకనాషి కాంటినెంటల్ కప్ పోటీ గెలిచింది. తర్వాత వరల్డ్ కప్‌లో ఆమె విజయాలు అరవై దాటాయి. 2014 ఫిబ్రవరి 11న సోచిలో ఆడవాళ్ల తొలి ఒలింపిక్ స్వర్ణం జర్మనీకి చెందిన కారినా ఫోక్ట్‌కి దక్కింది. అప్పటికి ఆమె ఒక్క వరల్డ్ కప్ పోటీ కూడా గెలవలేదు. రజతం డానియెలా ఇరాష్కో-స్టోల్ట్స్‌ది. 200 మీటర్లు ఎగిరిన పదకొండేళ్లకి, ముప్పయ్యో ఏట, ఆమెకి ఒలింపిక్స్ దొరికాయి. అన్నిటికన్నా పెద్ద కొండల మీద జరిగే స్కీ ఫ్లయింగ్ పోటీ ఆడవాళ్లకి మొదటిసారి 2023లో నార్వేలోని వికెర్సుండ్‌లో జరిగింది. అదే కొండ మీద 2025 మార్చిలో స్లొవేనియా అమ్మాయి నికా ప్రెవ్ట్స్ 236 మీటర్లు ఎగిరింది. 2026 మిలానో-కోర్తినా ఒలింపిక్స్ కార్యక్రమంలో ఆడవాళ్లకి లార్జ్ హిల్ (పెద్ద కొండ) పోటీ కూడా తొలిసారి చేరింది.

ఈ ఇరవై ఏళ్ల కప్‌కి, తెల్లారకముందే మంచు తొక్కిన ఊరివాళ్లకి, రెండున్నర మీటర్ల పొడవున్న స్కీ సంచులని వ్యాన్ల మీద కట్టి కూతుళ్లని ఊరూరా తిప్పిన తల్లిదండ్రులకి, పోటీ గెలిచి 100 పాయింట్లు పట్టుకెళ్లినవాళ్లకి, ముప్పయ్యో స్థానంలో దిగి ఆ ఒక్క పాయింటుతో ఇంటికి ఫోన్ చేసినవాళ్లకి, మనసారా అభినందనలు. ఈసారి వరల్డ్ కప్‌లో ఏ కొత్త అమ్మాయో ఎగరడం చూస్తే, ఆమె పేరు పక్కన పాత కాంటినెంటల్ కప్ ఫలితాలు ఒకసారి వెతికి చూడండి.