వాద్యబృంద నాయకుడు తోస్కానీని

మన సంగీత సభలలో ప్రక్కవాద్యములు గాయకుని అనుసరించును. పాశ్చాత్య దేశములలో నూరుమంది వరకు వాదకులు ఒక్కసారిగా వాయించు బృందములు కలవు. వారి యెదుట చిన్న బెత్తము చేతబూని నిలుచు నాయకుడు తాను ఏ వాద్యమును మ్రోగింపడు. అయినను ఏ వాద్యము ఎప్పుడు, ఎంత వేగముతో, ఎంత గట్టిగా పలుకవలెనో నిర్ణయించువాడు అతడే. అట్టి నాయకులలో అగ్రగణ్యుడు ఆర్తురో తోస్కానీని.

ఆయన 1867 మార్చి 25వ తేదీన ఇటలీలోని పార్మా నగరమున జన్మించెను. తండ్రి దర్జీ; గారిబాల్డీ సేనలో పోరాడినవాడు. తోస్కానీని తొమ్మిదవ యేట సంగీత విద్యాలయమున చేరి, చెల్లో అను పెద్ద తంత్రీవాద్యమును అభ్యసించి, 1885లో పట్టభద్రుడయ్యెను. మరుసటి యేడు ఒక సంగీతనాటక సమాజముతో దక్షిణ అమెరికాకు వెడలెను. జూన్ 30వ తేదీ రాత్రి రియో డి జనీరోలో, తగవు వలన తప్పుకొనిన నాయకునికి బదులుగా వచ్చినవానిని ప్రేక్షకులు కేకలు వేసి నిలువనీయలేదు. అప్పుడు తోటివారి ప్రోద్బలముపై, పందొమ్మిదేండ్ల తోస్కానీని వాదకుల నడుమనుండి లేచివచ్చి, వెర్డీ రచించిన అయీదా నాటకమును పుస్తకము చూడకయే నడిపించెను. చూపు మందమగుటచే స్వరములన్నియు కంఠస్థము చేయుట ఆయనకు అలవాటు.

1898లో మిలాన్ నగరపు లా స్కాలా నాటకశాలకును, 1908లో న్యూయార్కు మెట్రోపాలిటన్ నాటకశాలకును ఆయన నాయకుడయ్యెను. రచయిత వ్రాసినది వ్రాసినట్లే పలుకవలెనని ఆయన పట్టుదల. మహాకోపి, అభ్యాసములలో బెత్తములు విరిచెడివాడు.

1919లో ముస్సోలినీ పక్షమున ఎన్నికలకు నిలిచి ఓడిపోయెను. ఆ పక్షము దౌర్జన్యమునకు దిగగా, తన పొరపాటును గ్రహించి దానికి బద్ధవిరోధి అయ్యెను. 1931 మే 14వ తేదీన బొలోన్యాలో ఫాసిస్టు గీతమును వాయింప నిరాకరించినందున, ఆ పక్షమువారు నాటకశాల వాకిటనే ఆయన ముఖముపై కొట్టిరి. ఆయన లొంగలేదు. హిట్లరు ప్రభుత్వము యూదు కళాకారులను బాధించుచున్నందున 1933లో జర్మనీలోని బైరాయిట్ ఉత్సవములకు వెళ్లుట మానుకొనెను. 1936 డిసెంబరులో టెల్ అవీవ్ నగరమునకు పోయి, ఐరోపానుండి శరణార్థులై వచ్చిన యూదు వాదకులు పెక్కురు గల నూతన బృందపు తొలి కచేరీలను ప్రతిఫలము గ్రహింపక నడిపెను.

1937లో అమెరికాలోని ఎన్.బి.సి. రేడియో సంస్థ ఆయన కొరకే ఒక బృందమును నెలకొల్పెను. ఆ కచేరీలు రేడియో ద్వారమున ఇంటింట వినబడెను. యుద్ధమున బాంబులకు దెబ్బతిని, తిరిగి కట్టబడిన లా స్కాలాను 1946 మే 11న తన సంగీతముతో తెరిచినది ఆయనయే. అప్పటికి వయస్సు 79 ఏండ్లు.

1954 ఏప్రిల్ 4వ తేదీ కచేరీలో, జీవితమంతయు తోడు నిలిచిన జ్ఞాపకశక్తి క్షణకాలము తప్పి, ఆయన చేయి ఆగిపోయెను. పిదప మరల సభలో బెత్తము పట్టలేదు. 1957 జనవరి 16న న్యూయార్కులో కన్నుమూసెను. మిలాన్‌లో సమాధి చేయబడెను.

ఆయన నడిపిన కచేరీల ధ్వనిముద్రణములు నేటికిని వినవచ్చును. అధికారులు ఆజ్ఞాపించినను ఆయన వాయింపని ఆ ఒక్క గీతము కూడ లోకమునకు జ్ఞాపకమున్నది. విద్య గౌరవమును తెచ్చును. ఆ గౌరవమును నిలుపుకొనుటకు ధైర్యము వలయును.