విలియం ఫిన్లీ

అమెరికా దేశమున కాలిఫోర్నియాలోని శాంటాక్లారా యను పట్టణమున 1876వ సంవత్సరమున విలియం లవెల్ ఫిన్లీ జన్మించెను. బాల్యముననే ఆరెగానునకు వచ్చి పోర్ట్‌లండు నగరమున పెరిగెను. అచ్చట హెర్మన్ బోల్మన్ అను మిత్రుడు లభించెను. ఈ యిరువురును మొదట ఆనాటి పిల్లలవలెనే పక్షుల గ్రుడ్లను, చర్మములను ప్రోగుచేసెడివారు. పిదప తుపాకిని విడిచి ఛాయాగ్రహణ యంత్రమును చేపట్టిరి.

ఫిన్లీ కీర్తికి ముఖ్యకారణము కాండరు పక్షి. ఇది చూపునకు మన రాబందును బోలియుండును. రెక్కలు చాచిన తొమ్మిదడుగులకు పైబడును. రెండేండ్ల కొక గ్రుడ్డు మాత్రమే పెట్టుటచే దీని సంతతి మిక్కిలి స్వల్పము. ఒకటి చచ్చిన ఆ లోటు తీరుట కెన్నియో యేండ్లు పట్టును. 1906 మార్చి నెలలో మిత్రులిద్దరును పాసడీనా సమీపమున ఈటన్ లోయలోని గూటిని చేరిరి. గూడనగా పుల్లలు పేర్చినది కాదు, కొండరాళ్ల నడుమ నున్న గుహ. అందొక గ్రుడ్డుండెను. బరువైన యంత్రమును, గాజుపలకలను వీపున మోసికొని వారు ఆ కొండకు పలుమారు లెక్కిరి. ఒక్కొక్క పలక పై నొక్క పటమే పడును. పక్షి కదలినచో ఆ శ్రమ వ్యర్థమే. తొందరపడక, బెదరింపక, నిత్యపరిచితులవలె మెలగుటచే తల్లిదండ్రి పక్షులు వారిని కొలది యడుగుల దూరమునకు రానిచ్చెను. గ్రుడ్డు పగిలి పిల్ల వెలువడుటయు, అది పెరుగుటయు పటములయందు నిలిచెను.

తుదకు ఫిన్లీ ఆ పిల్లను ఇంటికి గొనిపోయి 'జనరల్' అని పేరిడి పెంచెను. పిమ్మట దానిని న్యూయార్కు జంతుశాలకు పంపిరి. అంత ఓర్పుతో పక్షుల నమ్మకమును సంపాదించినవాడు వాని యేకైక శిశువును గొనిపోవుట నాకు సమంజసముగా దోచదు. ఆ కాలమున దానిని తప్పుగా నెంచినవారు అరుదు.

ఆయన పక్షిచిత్రములను అధ్యక్షుడు థియొడోరు రూజ్వెల్టు చూచెను. 1907లో త్రీ ఆర్చ్ రాక్సు, 1908లో క్లామత్, మాల్హ్యూరు ప్రదేశములు పక్షులకు రక్షితస్థలములుగా ప్రకటింపబడెను. ఫిన్లీ 1953లో మరణించెను.

కాండరులకు మాత్రము కష్టము తీరలేదు. వేటగాండ్రు విడిచిన కళేబరములలోని సీసపు తూటాముక్కలను మ్రింగి పెక్కు పక్షులు చచ్చెను. 1982 నాటికి లోకమున 22 మాత్రమే మిగిలెను. 1987లో అడవియందున్న కడపటి దానినిగూడ పట్టి, పెంపుడు కేంద్రములలో పిల్లలను చేయించిరి. 1992లో ఆ సంతతిలోని పక్షులను కాలిఫోర్నియా కొండలలో మరల విడిచిరి.