నదులే సరిహద్దులని చూపిన వాలెస్

మన సరిహద్దు పల్లెల నుంచి భివండీ సాంచాలకు తరలిపోయిన కుటుంబాలు ఎన్నో. అక్కడి పద్మానగర్‌లో తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. పొట్ట చేతబట్టుకున్న మనిషి ఎంతటి నదినైనా దాటిపోగలడు. అడవిలోని కోతి మాత్రం వెడల్పయిన నదిని దాటజాలదు. ఈ చిన్న విషయాన్ని పట్టుకొని ఒక శాస్త్రానికి పునాదులు వేసిన మహనీయుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్.

ఆయన 1823 జనవరి 8న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి ఆస్తి కరిగిపోవడంతో పద్నాలుగేళ్లకే చదువు ఆగింది. అన్న విలియం వద్ద భూముల సర్వే పని నేర్చుకున్నారు. హద్దులు కొలవడం అప్పుడే అలవడింది.

1848లో మిత్రుడు బేట్స్‌తో కలిసి బ్రెజిల్ చేరారు. సర్కారు జీతం లేదు, వెనుక ఆస్తి లేదు. పట్టిన పక్షులను, పురుగులను లండన్‌లోని ఏజెంటు స్టీవెన్స్ అమ్మిపెడితేనే ఖర్చులు గడిచేవి. నూలు అరువు తెచ్చి, బట్ట అమ్మి బాకీ తీర్చే వారికి ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. నాలుగేళ్లు అమెజాన్, రియో నీగ్రో నదుల వెంట తిరిగారు. తనవద్దకు వచ్చిన తమ్ముడు హెర్బర్ట్ 1851లో పారా రేవులో ఎల్లో ఫీవర్‌తో కన్నుమూసినప్పుడు ఆయన ఎక్కడో ఎగువ అడవుల్లో ఉన్నారు.

1852లో తిరుగు ప్రయాణమయ్యారు. ఆగస్టు 6న నడిసముద్రంలో హెలెన్ అనే ఆ ఓడకు నిప్పంటుకుంది. ఏళ్ల తరబడి కూర్చిన సేకరణ, వెంట తెస్తున్న చిలుకలు, కోతులు కళ్లెదుటే కాలిపోయాయి. చేపల బొమ్మలు, తాటిజాతి చెట్ల బొమ్మలు ఉన్న చిన్న రేకుపెట్టె మాత్రం దక్కింది. పది రోజులు పడవలో కొట్టుకుపోయాక మరో ఓడ వారిని ఎక్కించుకుంది. స్టీవెన్స్ ముందుచూపుతో బీమా చేయించి ఉండడం వల్ల 200 పౌండ్లు చేతికొచ్చాయి.

అదే డిసెంబరులో లండన్ జూలాజికల్ సొసైటీ ముందు అమెజాన్ కోతులపై వ్యాసం సమర్పించారు. అమెజాన్, మదీరా, రియో నీగ్రో వంటి మహానదులకు ఒక గట్టున ఉండే కోతిజాతి ఎదుటి గట్టున కనిపించదనీ, నది సన్నబడే ఎగువ ప్రాంతాల్లో ఆ హద్దు చెరిగిపోతుందనీ వివరించారు. అంతవరకు ఏ జంతువు ఏ గట్టున దొరికిందో రాసుకునే అలవాటే చాలామందికి లేదు. ఈ సూత్రం అన్ని జీవులకూ సమానంగా వర్తించదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అయినా ప్రశ్న ఆయనదే.

తర్వాత 1854 నుంచి ఎనిమిదేళ్లు మలయ ద్వీపాలలో గడిపారు. 1858లో డార్విన్‌తో పాటు ప్రకృతి వరణ సిద్ధాంతకర్తగా ఆయన పేరు లోకానికి తెలిసింది. జంతువుల భౌగోళిక విస్తరణపై 1876లో రెండు సంపుటాలు వెలువరించారు. స్క్లేటర్ పక్షులను బట్టి చేసిన ఆరు మండలాల విభజనను అందులో మిగిలిన జంతువులకూ విస్తరించారు. దక్షిణ, మధ్య అమెరికాల ఉష్ణమండలం వాటిలో ఒకటి. తోకతో కొమ్మ పట్టే కోతులు ఆ మండలానికే సొంతం. మన మిరప, జామ, బొప్పాయి, చెరువులను కమ్మేసే గుర్రపుడెక్క కూడా అక్కడివే. వాటిని సముద్రం దాటించింది మనిషే.

ఇంత చేసినా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. పుస్తకాలు రాస్తూ, పరీక్షా పత్రాలు దిద్దుతూ సంసారం నెట్టుకొచ్చారు. డార్విన్ పట్టుబట్టి ప్రయత్నించగా 1881లో ఏటా 200 పౌండ్ల ప్రభుత్వ పింఛను మంజూరైంది. 1913 నవంబరు 7న, తొంభయ్యేళ్ల వయసులో, వాలెస్ పరమపదించారు.