నానో నేగల్

18వ శతాబ్దమున ఐర్లండునందు కథోలికుడు పాఠశాల నడుపరాదు. తన బిడ్డను చదువునకై విదేశమునకు బంపరాదు. ఇది నాటి ప్రొటెస్టెంటు ప్రభుత్వ శాసనము. సంపన్నులు దీనిని రహస్యముగ నతిక్రమించుచుండిరి. దేశమున అధికసంఖ్యాకులైన కథోలికులలో నిఱుపేదలకు మాత్రము అక్షరము దుర్లభమయ్యెను.

కార్కు నగరమునకు ఉత్తరముగ బాలిగ్రిఫిను అనుచోట 1718లో ధనికుల యింట జన్మించిన నానో నేగల్ ప్యారిసులో చదువుకొనెను. విందులయందును వినోదములయందును కొంతకాలము గడపెను. 1746లో తండ్రి మరణించెను. నానో తెచ్చిన విలువైన పట్టును సోదరి యాను అమ్మి బీదలను పోషించినదనియు, ఆ సోదరి మరణము నానో మనస్సును మార్చినదనియు చెప్పుదురు.

1750 ప్రాంతమున కార్కులోని ఒక పూరియింట ఆమె గుప్తముగ బడి తెఱచెను. ఇంటివారెవ్వరికిని తెలియదు. ఒకనాడొక బీదవాడు ఆమె సోదరునికడకు వచ్చి, తన బిడ్డను అక్కగారి బడిలో చేర్పింపుమని వేడుకొనెను. వాడు పిచ్చివాడని నవ్వుకొనుచు సోదరుడు ఇంటిలో ఆ మాట చెప్పగా, ఆమె నిజము నొప్పుకొనెను. అతడు మండిపడెను, శాసనము మీఱినచో కుటుంబమునకే ముప్పు గదా! బడి మాత్రము ఆగలేదు. తొమ్మిది మాసములలో పిల్లలు సుమారు 200 మందియైరి. 1769 నాటికి బాలికలకైదు, బాలురకు రెండు బడులుండెను. బాలురకు వ్రాతయు లెక్కలును, బాలికలకు చదువుతోపాటు కుట్టుపనియు నేర్పిరి. ఈ భేదము నేటివారికి కొఱతగ తోచును. కాని నాడు పేదబాలిక చేత పుస్తకముండుటయే విశేషము. తండ్రి సోదరుడు జోసెఫు విడిచిన ధనము దీనికే వ్యయమయ్యెను. చాలనప్పుడామె వీథులలో యాచించెను.

బడులు తన తరువాతను నిలువవలెనని 1771లో ఉర్సులైను కన్యాస్త్రీలను కార్కునకు రప్పించెను. కాని వారు మఠప్రాకారము దాటరాదు. పేదల సందులకు పోజాలరు. అందుచే 1775లో ముగ్గురు సహచారిణులతో తానే వేఱొక సంఘమును స్థాపించెను. 1777 క్రిస్మసునాడు ఏబదిమంది బిచ్చగాండ్రకు విందొనర్చి స్వయముగ వడ్డించెను. 1784 ఏప్రిలు 26న కన్నుమూసెను.

ప్రెజెంటేషను సోదరీమణులని పేరుగన్న ఆ సంఘమునకు 1805లో పోపు ఏడవ పయస్ పూర్ణమఠ ప్రతిపత్తి నొసగెను. ప్రాకారనియమము దానితోనే వచ్చెను. ఆమె వలదనుకొన్నదే ఆమె వారసురాండ్రకు ప్రాప్తించెను! వారు బడులను ప్రాకారములోపలనే కట్టి పిల్లలను లోనికి రప్పించుకొనిరి. వారిలో కొందఱు 1842లో, కోస్తా రాయలసీమ జిల్లాలకు అప్పుడు రాజధానియైన చెన్నపట్నము చేరి, నేటి జార్జిటౌనులో బాలికలకు విద్య గఱపసాగిరి. మౌంటురోడ్డునందలి చర్చిపార్కు బాలికా పాఠశాల 1909లో వారు నెలకొల్పినదే.