ఉపవాసంలో మితం నేర్పిన జీవితం
హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)

ఉపవాస నియమాల గురించి మన ఇళ్ళల్లో సాధారణంగా వినిపించే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. సహరీ ఎప్పటిలోగా ముగించాలి? మరచిపోయి నీళ్ళు తాగితే ఉపవాసం ఉంటుందా, భంగమవుతుందా? తప్పిపోయిన ఉపవాసాలు ఎప్పుడు పూర్తి చేసుకోవాలి? ఇవన్నీ ప్రతి ముస్లిమ్ తెలుసుకోవలసిన విషయాలే. అయితే మనం అంతగా అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. ఉపవాసానికి హద్దు ఎక్కడ? ఎప్పుడు పాటించాలో చెప్పిన ధర్మమే ఎప్పుడు పాటించకూడదో కూడా చెప్పింది కదా! ఆ రెండో భాగాన్ని మనం ఎంతవరకు పట్టించుకుంటున్నాము?

వైద్యుడు వద్దన్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా ఉపవాసం వదలని వృద్ధులు మన కుటుంబాల్లో ఉన్నారు. వారి భక్తిని మనం శంకించనక్కరలేదు. కాని ఆ భక్తికి దైవప్రవక్త (సల్లం) చూపిన దారి ఏదో తెలియాలంటే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) జీవితాన్ని ఒకసారి చదవాలి. సహాబాలలో ఉపవాసాలను ఆయన ప్రేమించినంతగా ప్రేమించినవారు అరుదు. ఉపవాసాలు తగ్గించుకోమని స్వయంగా దైవప్రవక్త (సల్లం) చేతనే చెప్పించుకున్న సహాబీ కూడా ఆయనే.

తండ్రి కన్నా ముందే ఇస్లాంలోకి

ఆయన ఖురైష్ తెగలోని బనూ సహమ్ వంశానికి చెందినవారు. తండ్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) రాజనీతిలోనూ యుద్ధవ్యూహాల్లోనూ పేరుమోసిన వ్యక్తి. తరువాతి కాలంలో ఈజిప్టును జయించిన సేనాని ఆయనే. ఆయన హిజ్రీ 8వ సంవత్సరంలో (క్రీ.శ. 629) ఇస్లాం స్వీకరించారు. కాని కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) అంతకు ముందే ముస్లిమ్ అయ్యారు. ఈ తండ్రీకొడుకుల వయసుల మధ్య తేడా చాలా తక్కువని చరిత్రకారులు రాశారు.

చదవడం, రాయడం వచ్చినవారు అరబ్బుల్లో వేళ్ళమీద లెక్కించదగినంత మందే ఉన్న ఆ రోజుల్లో అబ్దుల్లాహ్ (రజి)కు ఆ విద్య అబ్బింది. దైవప్రవక్త (సల్లం) నోట విన్న ప్రతి మాటనూ ఆయన రాసుకునేవారు. ప్రవక్త కూడా మనిషే కదా, కోపంలో ఒక మాట, సంతోషంలో ఒక మాట అంటారు, అన్నీ రాస్తే ఎలా అని కొందరు ఖురైషీయులు అభ్యంతరం చెప్పారు. ఆయన రాయడం ఆపేసి విషయాన్ని దైవప్రవక్త (సల్లం)కు విన్నవించుకున్నారు. ఆయన (సల్లం) తమ నోటివైపు వేలు చూపి, ఇక్కడి నుంచి సత్యం తప్ప మరేదీ వెలువడదని, నిశ్చింతగా రాసుకోమని అనుమతించారు. అలా తయారైన సంకలనమే 'సహీఫయె సాదిఖా'గా ప్రసిద్ధి చెందింది. తమకన్నా ఎక్కువ హదీసులు గల సహాబీ ఎవరైనా ఉంటే అది అబ్దుల్లాహ్ బిన్ అమ్రేనని, ఆయన రాసుకునేవారని, తాము రాసుకునేవారము కామని హజ్రత్ అబూ హురైరా (రజి) చెప్పేవారు.

కోడలి మాట

అబ్దుల్లాహ్ (రజి)కు ఆరాధన అంటే అంతులేని మక్కువ. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజ్. ప్రతి రాత్రీ దివ్యఖుర్ఆన్ మొత్తం పూర్తి చేసేవారు. ఒక్కరోజు కూడా విరామం లేదు.

తండ్రి ఆయనకు ఖురైష్‌లోని గౌరవనీయమైన కుటుంబానికి చెందిన అమ్మాయితో వివాహం జరిపించారు. మామగారు అప్పుడప్పుడూ కోడలి దగ్గరకు వచ్చి భర్త ఎలా చూసుకుంటున్నాడని అడిగేవారు. ఆమె భర్త మంచితనాన్ని మెచ్చుకునేది. అయితే తాను ఈ ఇంట అడుగుపెట్టింది మొదలు ఆయన తన దరికే రాలేదని మర్యాద తప్పకుండా సూచించేది. ఆ ఇల్లాలు గొడవ పెట్టుకోలేదు, నింద వేయలేదు. తన హక్కు తనకు అందడం లేదన్న సంగతిని మాత్రం చెప్పింది.

కొన్నాళ్ళు గడిచినా పరిస్థితి మారలేదు. చివరికి అమ్ర్ (రజి) ఈ విషయాన్ని దైవప్రవక్త (సల్లం) సన్నిధిలో పెట్టారు. గమనించండి, ఇక్కడ ఫిర్యాదు ఒక పాపం గురించి కాదు. కొడుకు తాగుతున్నాడనో, జూదమాడుతున్నాడనో తండ్రి చెప్పుకోలేదు. నమాజ్, ఉపవాసాలు హద్దు మీరి ఇంట్లో ఒక మనిషి హక్కును మింగేస్తున్నాయన్నది ఫిర్యాదు. దైవప్రవక్త (సల్లం) దాన్ని చిన్న విషయంగా తీసుకోలేదు.

ఖర్జూరపు నార దిండు

ఈ సంఘటన హదీసు గ్రంథాల్లో కొద్దిపాటి తేడాలతో అనేక విధాలుగా వచ్చింది. ఒక ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (సల్లం) స్వయంగా అబ్దుల్లాహ్ (రజి) ఇంటికి విచ్చేశారు. ఖర్జూరపు నార కూరిన తోలు దిండును ఆయన ప్రవక్త (సల్లం) కోసం వేశారు. ఆయన (సల్లం) దానిపై ఆసీనులు కాక నేలమీదే కూర్చున్నారు. దిండు ఇద్దరి మధ్యా ఉండిపోయింది. ఒక యువకుణ్ణి సరిదిద్దడానికి మానవ మహోపకారి ఆ యువకుని ఇంటికి నడచివచ్చి నేలపై కూర్చోవడం! పిల్లలకు ధర్మం నేర్పే తల్లిదండ్రులకు ఇందులో ఎంత పాఠం ఉందో!

పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజ్ అని విన్న మాట నిజమేనా అని ప్రవక్త (సల్లం) అడిగారు. నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. అలా చేయవద్దని ఆయన (సల్లం) వారించారు. అలా చేస్తే కళ్ళు లోతుకు పోతాయని, ప్రాణం అలసిపోతుందని హెచ్చరించారు. శరీరానికి హక్కు ఉందని, కళ్ళకు హక్కు ఉందని, భార్యకు హక్కు ఉందని, ఇంటికి వచ్చే అతిథికి కూడా హక్కు ఉందని బోధించారు. కొన్నిరోజులు ఉపవాసం ఉండి కొన్నిరోజులు మానుకోవాలని, రాత్రి కొంతసేపు నమాజ్ చేసి కొంతసేపు నిద్రపోవాలని సెలవిచ్చారు.

నెలకు మూడు ఉపవాసాలు చాలునని కూడా తెలిపారు. అల్లాహ్ ఒక పుణ్యానికి పదింతలు ప్రసాదిస్తాడు గనక నెలకు మూడు రోజులంటే ముప్పై రోజులతో సమానమే. అలా జీవితమంతా ఉపవాసమున్న పుణ్యం దక్కుతుంది. కాని అబ్దుల్లాహ్ (రజి) వయసులో ఉన్నారు, ఒంట్లో సత్తువ ఉంది. తనకు అంతకన్నా ఎక్కువ శక్తి ఉందని వేడుకున్నారు. ప్రవక్త (సల్లం) కొంత పెంచారు. ఆయన మళ్ళీ అదే మాట అన్నారు. చివరికి దావూద్ (అలైహి) ఉపవాసం దగ్గర దైవప్రవక్త (సల్లం) గీత గీశారు. ఒకరోజు ఉపవాసం, ఒకరోజు విరామం. అంతకన్నా శ్రేష్ఠమైనది లేదని తేల్చిచెప్పారు. ఎడతెగకుండా నిత్యం ఉపవాసం ఉండేవానిది అసలు ఉపవాసమే కాదని స్పష్టం చేశారు. ఖుర్ఆన్ పారాయణం విషయంలోనూ ఇలాగే నెలకు ఒకసారి అని మొదలై ఏడు రోజులకు ఒకసారి అన్న చోట మాట ఆగింది.

ఈ సందర్భంలోనే దావూద్ (అలైహి) శత్రువు ఎదురైనప్పుడు వెన్ను చూపేవారు కారని కూడా దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. ఉపవాసం ఆయన్ను బాధ్యతల్లో బలహీనపరచలేదన్నమాట. మన ఉపవాసాన్ని కొలవడానికి ఇది మంచి కొలమానం. ఐచ్ఛిక ఉపవాసాల వల్ల ఫజ్ర్ నమాజ్ తప్పిపోతున్నా, పనిలో బద్ధకం వస్తున్నా, ఇంట్లోవారిపై విసుగు పెరుగుతున్నా మనం ఒకసారి ఆగి ఆలోచించుకోవాలి.

తండ్రి పళ్ళెం దగ్గర

మరో సంఘటన చూడండి. బక్రీద్ పండుగ తరువాతి రోజుల్లో అబ్దుల్లాహ్ (రజి) తండ్రిగారి దగ్గరకు వెళ్ళారు. తండ్రి భోజనానికి పిలిచారు. తాను ఉపవాసం ఉన్నానని ఆయన చెప్పారు. అప్పుడు అమ్ర్ (రజి) ఇవి దైవప్రవక్త (సల్లం) ఉపవాసం వద్దని వారించిన రోజులని, తినమని గుర్తుచేశారు. అవి జుల్ హిజ్జా నెల 11, 12, 13 తేదీలు. వీటినే తష్రీఖ్ దినాలంటారు. రెండు పండుగ రోజుల్లోనూ ఉపవాసం నిషిద్ధమే. ఆ రోజుల్లో తినడమే విధేయత, ఆకలితో ఉండటం కాదు.

సహరీ ప్రాముఖ్యాన్ని తెలిపే ఒక ప్రసిద్ధ హదీసును ఉల్లేఖించింది కూడా ఈ తండ్రిగారే. మన ఉపవాసానికీ గ్రంథప్రజల ఉపవాసానికీ మధ్య తేడా సహరీ భోజనమేనని ఆ హదీసు సారాంశం. సహరీ మానేసి ఉపవాసముంటే ఎక్కువ పుణ్యమనుకునేవారు ఈ విషయాన్ని ఆలోచించాలి. ప్రళయదినాన ఉపవాసమూ ఖుర్ఆనూ దాసుని తరఫున సిఫారసు చేస్తాయన్న శుభవార్తను మనకు అందించినవారు కుమారుడు అబ్దుల్లాహ్ (రజి). పగలు ఉపవాసంలో, రాత్రి ఖుర్ఆన్ పారాయణంలో గడిపిన మనిషి ద్వారా ఆ శుభవార్త మనకు చేరింది.

వృద్ధాప్యంలో కలిగిన కోరిక

కాలం గడిచింది. దైవప్రవక్త (సల్లం) పరమపదించారు. ముస్లిముల మధ్య కలతలు చెలరేగాయి. హిజ్రీ 37లో (క్రీ.శ. 657) సిఫ్ఫీన్ యుద్ధానికి తండ్రి మాట కాదనలేక వెళ్ళినా అబ్దుల్లాహ్ (రజి) పోరాడలేదు. హిజ్రీ 43లో తండ్రి మరణించారు. అబ్దుల్లాహ్ (రజి)కు వయసు మీరింది, ఒళ్ళు సడలింది. ఒకరోజు విడిచి ఒకరోజు ఉపవాసం భారమైంది.

అప్పుడు ఆయన దైవప్రవక్త (సల్లం) ఇచ్చిన రాయితీని ఆనాడే స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదోనని అనుకునేవారు. నెలకు మూడు రోజులు చాలన్న ఆ మాటలో ఎంత దయ ఉందో అప్పుడు ఆయనకు పూర్తిగా అర్థమైంది. యువకుడు ఆనాటి తన బలాన్ని చూసి మాట్లాడాడు. ప్రవక్త (సల్లం) మాత్రం ఆ యువకుడు ఒకనాడు ముసలివాడవుతాడన్నది కూడా చూశారు.

అయినా ఆయన వదిలిపెట్టలేదు. నీరసం ఎక్కువైనప్పుడు కొన్నిరోజులు వరుసగా ఉపవాసం మాని లెక్కపెట్టుకునేవారు. ఒంట్లో శక్తి కూడగట్టుకున్నాక అన్ని రోజులూ ఉపవాసం పాటించేవారు. రాత్రి నమాజ్‌లో పఠించవలసిన ఖుర్ఆన్ భాగాన్ని పగలే ఇంట్లోవారికి వినిపించి, రాత్రికి తేలికయ్యేలా చూసుకునేవారు. దైవప్రవక్త (సల్లం)ను ఏ ఆచరణపై వీడారో దాన్ని విడిచిపెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది. కొన్నాళ్ళు రాత్రి నమాజ్ చేసి తరువాత మానేసిన ఫలానా వ్యక్తిలా కావద్దని ప్రవక్త (సల్లం) ఆయనకు ఒకప్పుడు ఉపదేశించి ఉన్నారు. హిజ్రీ 65 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు.

మనం గ్రహించవలసింది

ఈ జీవితం నుంచి మనం రెండు విషయాలు నేర్చుకోవాలి. మొదటిది, పట్టుకున్న సత్కార్యం కొద్దిదైనా వదలకూడదు. అందుకే మోయగలిగినంతే ఎత్తుకోవాలి. షవ్వాల్ ఆరు ఉపవాసాలు, సోమ, గురువారాల ఉపవాసాలు, చాంద్రమాసంలోని 13, 14, 15 తేదీల ఉపవాసాలు, అరఫా, ఆషూరా ఉపవాసాలు మన ముందు ఉన్నాయి. వీటిలో ఎవరి శక్తికి తగినవి వారు ఎంచుకోవచ్చు. భర్త ఇంట ఉన్నప్పుడు భార్య ఐచ్ఛిక ఉపవాసాలకు అతని అనుమతి తీసుకోవాలన్న నియమం మనకు తెలుసు. భర్త ఆరాధన కూడా భార్య హక్కును కాజేయరాదని అబ్దుల్లాహ్ (రజి) ఉదంతం తెలుపుతోంది.

రెండవది, అల్లాహ్ ఇచ్చిన రాయితీని తీసుకోవడం బలహీనత కాదు, విధేయతే. రమజాన్ ఉపవాసాలు విధి అన్నది నిస్సందేహం. సరైన కారణం లేకుండా ఒక్కటి వదిలినా ఘోరమైన పాపమే. రాయితీ సాకు కారాదు. కాని రోగికి, ప్రయాణికునికి తరువాతి రోజుల్లో పూర్తి చేసుకునే వెసులుబాటును దివ్యఖుర్ఆనే ఇచ్చింది. తమకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా అప్పటికి మాని తరువాత పూర్తి చేసుకోవచ్చు. బహిష్టు రోజుల్లో స్త్రీ ఉపవాసం ఉండకూడదు, ఆ ఉపవాసాలను తరువాత ఖజా చేసుకోవాలి. తిరిగి కోలుకునే ఆశ లేని రోగులు, ఉపవాసం భరించలేని వృద్ధులు ఒక్కో ఉపవాసానికి బదులు ఒక పేదవానికి భోజనం పెట్టాలి. దీన్నే ఫిద్యా అంటారు.

కనుక మన ఇంట్లో మధుమేహంతో బాధపడే తల్లి, గుండెజబ్బు ఉన్న తండ్రి ఉంటే రమజాన్‌కు ముందే నమ్మకమైన వైద్యుణ్ణి సంప్రదించి, ఆ సలహాను ధర్మపండితునికి వినిపించి నిర్ణయం తీసుకుందాము. ఉపవాసం మానుకోవలసి వస్తే వారిని చిన్నచూపు చూడకుండా, వారి చేత ఫిద్యా ఇప్పించి, ఇఫ్తార్ వేళ దుఆలో, ఖుర్ఆన్ పారాయణంలో వారిని మనతోపాటు కూర్చోబెట్టుకుందాము. ఏ అల్లాహ్ ఆజ్ఞ మేరకు మనం ఆకలిగా ఉంటున్నామో ఆ అల్లాహ్ అనుమతితోనే వారు అన్నం తింటున్నారు.

అల్లాహ్ మనకు తన ఆజ్ఞలనూ, తన రాయితీలనూ సమానంగా ప్రేమించే హృదయాన్ని, చేపట్టిన సత్కార్యంపై కడదాకా నిలిచే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.