పగులు మర్మము తెలిసిన మేధావి: అలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్

కొండపల్లి బొమ్మను చేతబట్టిన వారికి దాని రంగులు కన్పించును గాని, దానిని నిలబెట్టు మక్కు కన్పించదు. మన జి.కొండూరుకు సమీపముననే గల కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కర్రతో అంగములను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో వానిని అతుకుదురు. మన మెట్టపల్లెలలో మట్టిగోడ పెట్టువారు బురదలో గడ్డి కలిపి తొక్కుట మన పెద్దలు ఎరిగినదే. గడ్డిపోచకు గోడయగు బలము లేదు. ఉత్త మట్టి ఎండిన వెంటనే నెఱ్ఱెలు విచ్చును. రెండును కలిసిన పిమ్మట పగులు అంత తేలికగా సాగదు. ఇట్టి వానినే నేటి శాస్త్రము సంయుక్త పదార్థములని పిలుచుచున్నది. పగులు ఎచట పుట్టును, ఎపుడు పెరుగును, ఎట్లు ఆగును అను ప్రశ్నలకు గణితరూపమున తొలి సమాధానమిచ్చిన మహనీయుని జీవితము విద్యార్థులమైన మనము తెలిసికొనదగినది.

అలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్ 1893వ సంవత్సరము జూన్ 13వ తేదీన లండన్ నగరములో జన్మించినారు. తండ్రి జార్జి గ్రిఫిత్ దేశాటన ప్రియుడు, ఊహాత్మక విజ్ఞాన కథలు వ్రాసి పేరుగాంచిన రచయిత. 1906లో తండ్రి మరణించునాటికి కుమారుని వయస్సు పండ్రెండేండ్లు మాత్రమే. గ్రిఫిత్ లివర్‌పూల్ విశ్వవిద్యాలయములో మెకానికల్ ఇంజనీరింగు చదివి, 1914లో పట్టభద్రులై, మరుసటి సంవత్సరము ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన కర్మాగారములో చేరినారు.

అది మొదటి ప్రపంచ యుద్ధకాలము. మెలిపెట్టబడిన విమాన భాగములలో ప్రతిబలము ఎట్లు వ్యాపించునో కాగితముపై లెక్కించుట మిక్కిలి కష్టము. గ్రిఫిత్, జి.ఐ. టేలర్ అను మరొక మేధావితో కలిసి, ఆ భాగపు అడ్డుకోత ఆకారములో రంధ్రము చేసి, దానిపై సబ్బుపొరను సాగదీసి, ఆ పొర వాలును కొలిచి, సమాధానము రాబట్టు ఉపాయమును 1917లో ప్రకటించినారు. తోటివారు ఆయనను సబ్బుబుడగల గ్రిఫిత్ అని ముద్దుగా పిలుచుకొన్నారు.

తరువాత ఆయన దృష్టి గాజుపై పడినది. అణువుల నడుమ గల ఆకర్షణను బట్టి లెక్కించిన, గాజు ఇప్పటికంటె సుమారు నూరురెట్లు బలముగా నుండవలెను. ఆ బలమంతయు ఏమైనది? రంధ్రపు మొన వద్ద ప్రతిబలము అనేకరెట్లు పెరుగునని ఇంగ్లిస్ అను ఆచార్యుడు 1913లోనే చూపియుండెను. అయినచో చిన్న గీత పడిన ప్రతి వస్తువును తక్షణమే విరిగిపోవలెను గదా! అట్లు జరుగుట లేదు.

ఈ చిక్కును గ్రిఫిత్ శక్తి లెక్కతో విప్పినారు. పగులు పెరిగినపుడు క్రొత్తగా రెండు తలములు ఏర్పడును. వానికి శక్తి కావలెను. అదే సమయమున, లాగబడిన పదార్థములో నిలువయున్న శక్తి కొంత విడుదలయగును. ఆదాయము వ్యయమునకు చాలనంతవరకు పగులు కదలదు, మించినంతనే పరుగెత్తును. గాజు గొట్టములకు, బుడ్లకు తెలిసి తెలిసి పగుళ్లు పెట్టి, లోపల ఒత్తిడి పెంచి పగులగొట్టి ఆయన ఈ సూత్రమును పరీక్షించినారు. పగులు పొడవు నాలుగురెట్లయిన, వస్తువు ఓర్చుకొను ప్రతిబలము సగమగునని తేలినది.

గాజును కరగించి సన్నని పోగులుగా కూడ తీసినారు. సుమారు ఒక మిల్లీమీటరు మందపు కడ్డీ కంటె, మిల్లీమీటరులో మూడువందలవ వంతు మందపు పోగు, వైశాల్యమును బట్టి చూడగా, దాదాపు ఇరువదిరెట్లు బలముగా నుండెను. పోగు సన్ననైనకొలది అందు లోపమునకు చోటు తక్కువ. ఈ ఫలితములను ఆయన 1920లో రాయల్ సొసైటీకి సమర్పించినారు. గాజుపోగుల వస్త్రమును జిగురుతో అతికి పడవలు, విమాన భాగములు చేయు నేటి విద్యకు మూలము ఇందున్నది.

కాని ఈ పరిశోధన కొనసాగలేదు. ఒక సాయంత్రము గాజు కరగించు మంటను ఆర్పుట మరచిపోగా అగ్నిప్రమాదము సంభవించినదనియు, పై అధికారులు ఆ పనిని నిలిపివేసి ఆయనను ఇంజనుల విభాగమునకు మార్చినారనియు ప్రతీతి. అచటను ఆయన ప్రతిభ దాగలేదు. 1926లో టర్బైన్ రెక్కల గురించి చేసిన సిద్ధాంతము ఆధునిక జెట్ ఇంజనునకు బాటవేసినది. అయితే గొప్పవారికిని పొరపాట్లు తప్పవు. ఫ్రాంక్ విటిల్ అను యువ వైమానికుడు 1929 ప్రాంతమున జెట్ ఇంజను ఆలోచనతో వచ్చినపుడు, అది ఆచరణకు రాదని తీర్పు చెప్పిన వారిలో గ్రిఫిత్ ముఖ్యులు. 1937లో విటిల్ ఇంజను తిరిగి చూపినది. ఇతరుల పదార్థములలో కంటికానని లోపమును పసిగట్టిన మేధావి తన అంచనాలోని లోపమును కనుగొనలేకపోయినారు!

ఆయన పగులు సిద్ధాంతమును ఇంజనీర్లు చాలకాలము పట్టించుకొనలేదు. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికాలో అతికి కట్టిన ఉక్కు ఓడలు పగులుట మొదలయ్యెను. 1943 జనవరిలో షెనెక్టడీ అను ట్యాంకరు ఓడ రేవులో నిలిచియుండగనే రెండుగా విరిగెను. అపుడు అమెరికా నౌకాదళ శాస్త్రవేత్త జార్జి ఇర్విన్ ప్రభృతులు గ్రిఫిత్ వ్యాసమును మరల తెరచి, లోహములకు అన్వయించినారు.

గ్రిఫిత్ 1939లో రోల్స్ రాయిస్ సంస్థలో చేరి 1960 వరకు పనిచేసినారు. 1941లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది. నిట్టనిలువుగా లేచు విమానమునకై ఆయన ఆలోచనతో చేసిన ఇనుప చట్రము 1954లో గాలిలోకి లేచినది. 1963 అక్టోబరు 13న ఆయన కన్నుమూసినారు.

మరుసటి ఏటనే కుక్, గోర్డన్ అను శాస్త్రజ్ఞులు పోగుకును, దానిని పట్టియుంచు జిగురుకును నడుమ గల అతుకును లెక్కకు తెచ్చినారు. జిగురులో పగులు సాగివచ్చి పోగును తాకును. అతుకు మిక్కిలి గట్టిదైన పగులు పోగును కోసికొని పోవును. తగినంత బలహీనమైన, పక్కకు మళ్లి అతుకు వెంబడి పోయి మొన మొద్దుబారును. అతుకు బలము పదార్థపు బలములో సుమారు అయిదవ వంతునకు లోపల నున్న పగులు మళ్లునని వారి లెక్క. మరీ బలహీనమైనచో భారము పోగునకు చేరనే చేరదు. ఏ దారికి ఎంత శక్తి వ్యయమగునను ప్రశ్న మాత్రము గ్రిఫిత్ వేసినదే.

ఈ లెక్క తప్పిన ఫలితమెట్టిదో ఆయన సంస్థకే అనుభవమైనది. కర్బన పోగులతో చేసిన ఇంజను రెక్కలు 1970లో పక్షి తాకిడి పరీక్షలో నిలువలేదు. వాని స్థానమున టైటానియం వాడవలసి వచ్చెను. ఆ ఇంజను వ్యయభారముతో రోల్స్ రాయిస్ 1971 ఫిబ్రవరిలో దివాలా తీసినది.

నేడు ఈ లెక్కలు కంప్యూటరుపై సాగుచున్నవి. ఆ గణన విద్యలో ప్రపంచఖ్యాతి గడించి, 2013లో పద్మభూషణ్ అందుకొన్న అట్లూరి సత్యనాథం గారు మన కృష్ణా జిల్లా గుడివాడలో 1945లో జన్మించినవారే యగుట మనకు గర్వకారణము.

విద్యార్థి మిత్రులారా! పగులు లేని పదార్థము లోకమున లేదు. అది ఎంతవరకు నిరపాయకరమో కొలిచి తెలిసికొనుటే గ్రిఫిత్ నేర్పిన విద్య. మన కళాశాల ప్రయోగశాలలో పగిలిన గాజు గొట్టమును పారవేయు ముందు, ఆ పగులు ఎచట మొదలయినదో ఒక్క క్షణము పరిశీలింతుము గాక!